మా గల్లీ వార్డెన్

ఆ ఎండాకాలం మా గల్లీకి యుద్ధం పండుగలా వచ్చింది.

అంతకు ముందు యుద్ధమంటే పత్రికల్లో ఉండేది. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయన్న వార్త ఏప్రిల్‌లో వచ్చిందో లేదో, నాంపల్లి స్టేషన్‌లో దిగే జనం రెట్టింపయ్యారు. పరుపు చుట్టలతో, ఇత్తడి బిందెలతో, ఒకావిడ అయితే రోలుతో సహా దిగింది. ఆబిడ్స్ దుకాణాల అద్దాల మీద కాగితం పట్టీలు అడ్డంగా నిలువుగా అంటించారు. స్టేషన్ వెనక మా గల్లీలో, అందరం బట్టలారేసుకునే ఖాళీ జాగాలో కందకం తవ్వారు. పిల్లలు పొద్దుగూకులూ అందులోనే. మేము పెద్దవాళ్ళం వాళ్ళను కోప్పడుతూనే ఒకసారి దిగి చూసి వచ్చేవాళ్ళం. భయమా అంటే భయమే. కానీ ఆ భయంలో ఎంత హుషారు ఉండేదో ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు.

గల్లీకొక వార్డెన్ కావాలని సర్కారు నుంచి మనిషి వచ్చాడు. విమానాలు వస్తే సైరన్ మోగుతుంది, అప్పుడు దీపాలన్నీ ఆర్పించాలి, జనాన్ని కందకంలోకి దింపాలి, అదీ పని. వారం వారం సాయంత్రం పూట ఉత్తుత్తి సైరన్‌తో దానికి తాలీము ఉంటుంది. ఒకాయన తనకు ఉబ్బసం అన్నాడు. ఒకాయన రేచీకటి అన్నాడు. పిల్లలకు చదువు చెప్పే సదాశివ పంతులు తనకు వయసు మళ్ళిందన్నాడు. చివరికి ‘వద్దు’ అనడం చేతకాని మనిషి గల్లీ మొత్తానికి ఒక్కడు దొరికాడు. ఆ ఒక్కడూ మా ఆయన.

మా ఆయన ప్రహ్లాద్ గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తా. మా పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో కూరలో ఉప్పెక్కువైతే ఆ మాట నాతో చెప్పడానికి కూడా మా అత్తమ్మ చేత చెప్పించేవాడు. వీధికుక్క ఎదురొస్తే అటు తిరిగి ఇంకో దారిన వచ్చేవాడు. అటువంటి మనిషి చేతికి ఈల, చేతిపట్టీ, నెత్తికి ఇనుప టోపీ, నీలం కాగితం అంటించిన టార్చి ఇచ్చారు. అత్తమ్మ సౌభాగ్యమ్మ ఆ టోపీ మీదుగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

“కొడుకా, జర పైలం. బాంబు పడ్డదంటె ముందుగాల నువ్వే ఇంట్లకు ఉరికిరా,” అంది.

“గట్ల ఉరకొద్దమ్మా. వార్డెన్‌ని గద,” అన్నాడు ఆయన బెదురుతూనే.

మొదటి తాలీము రోజు నాకు ఈ క్షణం జరిగినట్టే ఉంది. దీపాలు పెట్టే వేళ. స్టేషన్ వైపు నుంచి సైరన్ లేచింది. మా వాళ్ళు దాన్ని భోంగా అనేవారు. నేను పొయ్యి మీద నీళ్ళు చల్లి బయటికి పరుగెత్తాను. గల్లీలో ఈల. ఆ వెంటనే ఒక గొంతు.

“దీపాలు బంద్ చెయ్యిన్రి! పిల్లల్ని ఎత్తుకోన్రి! ఉరకకున్రి, నడువున్రి! అందరు కందకంలకు!”

ఎవరిదా గొంతు అని ఇటూ అటూ చూశాను. మా ఆయనది! వీధి వీధంతా ఆ గొంతుకు కదిలింది. ఒక్కో కిటికీ చీకటైపోయింది. ఉబ్బసం ఉందన్నాయన అందరికంటే ముందు కందకంలోకి దూకాడు. కుళాయి దగ్గర కొట్లాడి ఏడాదిగా మాటల్లేని రెండిళ్ళ ఆడవాళ్ళు పక్కపక్కన పడి, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. అదే చీకట్లో గల్లీ మొదట ఉన్న బండి మీది అరటిగెల మాయమైంది. తీసింది బయటివాళ్ళు కాదు, మరునాడు తొక్కలు మా మోరీలోనే తేలాయి. చీకటి కొందరి చేత చెయ్యి పట్టించింది, కొందరి చేత చెయ్యి చాపించింది.

భోంగా మళ్ళీ మోగి అందరం పైకి వచ్చాక మా ఆయన మేడ మీద నా పక్కన కూర్చున్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఒకటే నవ్వు.

“శశీ, చూసినవా? నేను చెప్తె ఇన్నరు! సదాశివ పంతులు గూడ ఇన్నడు! నా చిన్నప్పుడు ఎన్ని బెత్తందెబ్బలు తిన్ననో ఆయన చేత!”

ఆ రాత్రి ఆయన మాట్లాడినంత నాలుగేళ్ళలో మాట్లాడలేదు. ఆయన పక్కన కూర్చోవడానికి నాకు ఒక రకమైన గర్వం, సిగ్గు. నిజం చెప్పాలంటే మా పెళ్ళి తాటాకు పందిరి కింద జరిగింది గానీ, ఆయన మీద నాకు మనసు పుట్టింది ఆ ఇనుప టోపీ కిందనే.

ఎండలు ముదిరాయి. ఆయనా ముదిరాడు. పట్టీ కట్టుకునే బ్యాంకుకు వెళ్ళసాగాడు. పగటి పూట కూడా గల్లీ చుట్టూ రెండు మార్లు తిరిగితే గానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. మునుపు ఎవరింటికైనా వెళితే గడప ముందే నిలబడి దగ్గేవాడు. ఇప్పుడు నేరుగా లోపలికి వెళ్ళి ఇసుక బాల్టీ నిండిందా, కిటికీకి నల్లగుడ్డ ఉందా అని చూసేవాడు. ఆడవాళ్ళు తల దువ్వుకుంటుంటే కూడా. ఇంటాయనలు లేచి నిలబడేవారు. ఒకనాడు కంచం ముందు కూర్చుని, “ఏందీ ఉప్పు?” అన్నాడు సూటిగా నాతోనే. నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ళకు ఇంట్లో మగవాడు మాట్లాడాడని అత్తమ్మ మురిసిపోయింది. ఆమె మురిపెం కొంత నాకూ అంటింది.

మే నెలాఖరులో నేనూ అత్తమ్మా బేగం బజారుకు పోయి చింతపండూ మిరపకాయలూ తెచ్చుకుంటున్నాం. టాంగా బాలమల్లుది. మా గల్లీ చివర పెంకుటింట్లో భార్య పోశవ్వతో ఉండేవాడు. పోశవ్వకు నెలలు నిండుతున్నాయి. దారి పొడుగునా బాలమల్లు ఆ ముచ్చటే.

“ఆడివిల్ల పుట్టాలె దొరసానీ. మా ఇంట్ల రెండు తరాల సంది ఆడివిల్ల లేదు. గుర్రం గూడ మగదే!”

నవ్వుకుంటూ చీకటి పడే వేళకు నాంపల్లి చేరాం. స్టేషన్ ముందుకు రాగానే, ఏ చాటింపూ లేకుండా, ఒక్కసారిగా భోంగా మోగింది.

గుర్రం ముందుకాళ్ళు పైకి లేచాయి. అత్తమ్మ నా మీద పడింది. మిరపకాయల మూట రోడ్డున పడి చిట్లింది. బాలమల్లు రెండు చేతులా కళ్ళేలు గుంజి పట్టి, “హో! హో బేటా!” అని అరుస్తున్నాడు. బండి పక్కన లాంతరు వెలుగుతూనే ఉంది. అప్పుడు జనంలోంచి ఇనుప టోపీ ఒకటి దూసుకొచ్చింది. కుక్కకు బెదిరే మా ఆయన, లేచి తన్నుతున్న గుర్రానికి ఎదురుపోయి ముఖతాడు పట్టుకున్నాడు! గుర్రం ఆయనను రెండు బారల దూరం ఈడ్చింది, ఆయన వదల్లేదు. అది ఆగింది. నా గుండె ఆనందంతో ఎగిరింది.

ఆయన లాంతరు ఆర్పాడు. ఆ తర్వాత బాలమల్లును కిందికి దిగమన్నాడు. దిగగానే చెంప మీద కొట్టాడు.

చీకట్లో ఆ చప్పుడు చాలా పెద్దగా వినిపించింది.

“భోంగ మోగితె కందీలు ఆర్పాలని తెల్వదా బే?”

“శభాష్ వార్డెన్ సాబ్!” అన్నారు చుట్టూ ఉన్న జనం. బాలమల్లు కళ్ళేలు తీసుకుని గుర్రం పక్కన నడుస్తూ మమ్మల్ని ఇంటి దాకా తెచ్చి దింపాడు. అత్తమ్మ కిరాయి ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

ఆ పూట అన్నం పెడుతూ అన్నాను. “వాని రెండు చేతులు కళ్ళేలకే ఉండె. కందీలు ఎట్ల ఆర్పుతడు?”

ఆయన నన్ను విసుక్కోలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. “ఇయ్యాల వాణ్ని కొట్టకుంటె రేపు ఇంకొకడు ఇనడు శశీ. నిజంగ బాంబులు పడ్డనాడు ఈ గల్లీల నూరు పానాలుంటయి. నా మీదున్నయి అవి.” ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. తిని, చెయ్యి కడుక్కుని, హాయిగా నిద్రపోయాడు.

జూన్ వచ్చింది, వాన రాలేదు. ఆ శుక్రవారం పెద్ద తాలీము అని, ఠాణా పెద్ద అయిన అమీన్ సాబ్ స్వయంగా పోలీసులతో వచ్చి గల్లీలన్నీ చూస్తాడని ముందే చెప్పారు. మా ఆయన పొద్దున్నే టోపీ తుడుచుకున్నాడు.

అదే రోజు మధ్యాహ్నం పోశవ్వకు నొప్పులు మొదలయ్యాయి.

మా ఎదురింట్లో జ్ఞానమణక్క ఉండేది. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవురాలు, దవాఖానాలో నర్సు, నడివయసు మనిషి. గల్లీలో ఎవరికి కాన్పయినా ఆమే. చీకటి పడబోతుండగా మా గుమ్మంలోకి వచ్చి, “శశీ, నీ చేతులు కావాలె, రా!” అంది. అత్తమ్మ “మైల” అనబోయింది. నేను అప్పటికే గడప దాటేశాను.

పోశవ్వను దవాఖానాకు తీసుకుపోదామంటే తాలీము కోసం బండ్లన్నీ ఆపేశారు. ఒక్క గది ఇల్లు. పెంకుల సందుల్లోంచి ఆకాశం కనపడుతుంది. తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతుంది. నేను వెనక కూర్చుని పోశవ్వను నా రొమ్ముకు ఆనించి చంకల కింద పట్టుకున్నాను. జ్ఞానమణక్క ముందు కూర్చుంది. లాంతరు నేల మీద ఉంది.

“తల కనవడుతున్నది. మంచిగ ముక్కు బిడ్డా,” అంటూ ఉన్న జ్ఞానమణక్క గొంతు ఉన్నట్టుండి మారిపోయింది. “ఆగు. ముక్కకు. శశీ, కదలనియ్యకు. పేగు మెడకు చుట్టుకున్నది.”

అప్పుడే భోంగా మోగింది.

గల్లీలో ఒక్కో దీపం ఆరిపోయింది. ఈల దగ్గరయింది. పెంకుల సందుల్లోంచి మా వెలుగు గల్లీ అంతటికీ కనపడుతోందని నాకు తెలుసు. బయట గుర్రం దగ్గర కూర్చున్న బాలమల్లు లేచిన చప్పుడైంది. బూట్లు గోనెపట్టా దాకా వచ్చి ఆగాయి.

“ఎవరు లోపట? దీపం బంద్!”

“నేను తమ్మీ, జ్ఞానమణిని. కాన్పయితున్నది. దీపం బంద్ చెయ్యరాదు.”

“అమీన్ సాబ్ గల్లీ మొగదాల ఉన్నడు అక్కా. ఆర్డరున్నది!”

“ఆర్డర్‌తోని పిల్ల బయటికి రాదు.”

“మీరు ఆర్పుతరా, నేనొచ్చి ఆర్పాల్నా?” ఆ గొంతు నాకు తెలుసు. స్టేషన్ ముందు విన్నదే.

జ్ఞానమణక్క తల ఎత్తనైనా లేదు. “రా,” అంది. “లోపటికి రా.”

గోనెపట్టా లేచింది. ఆయన ఒక అడుగు లోపల వేశాడు. ఏం చూశాడో నాకు తెలుసు. ఎందుకంటే ఆయన ముఖంలో నేను అదే చూశాను. పోశవ్వ కళ్ళు, నేల మీది నెత్తురు, పేగు కింద వేలు దూర్చి పట్టుకుని ఉన్న జ్ఞానమణక్క చెయ్యి.

“నా చేతులు ఖాళీ లేవు. శశివి లేవు,” అంది జ్ఞానమణక్క మామూలుగా. “కందీలు కిందున్నది, నా చెయ్యి నాకే అడ్డమైతున్నది. జర తీసి పైన పట్టుకో.”

ఆయన వంగి లాంతరు తీసుకున్నాడు.

తీసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పరాయి ఆడమనిషి కాన్పు కదా. చూపు గోడ మీద, చెయ్యి వెనక్కి చాచి మా మీద.

“జర పైకి తమ్మీ. ఎడమకు. ఇంకా. ఔ, గట్లనే ఉంచు.”

వెలుగు పడింది. ఆయన రెండో చేత్తో టోపీ తీసి, గుమ్మం వైపు వెలుగు పోకుండా లాంతరుకు అడ్డం పెట్టాడు. అయినా పైన పెంకులు మెరుస్తూనే ఉన్నాయి. గల్లీలో గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది.

“కౌన్ హై? యే రోష్నీ కైసీ?” ఎవరది, ఈ వెలుగేమిటని అమీన్ సాబ్ గొంతు.

మా ఆయన నోరు విప్పితే ‘తప్పయింది సాబ్’ అంటాడని అనుకున్నాను.

“వార్డెన్ ప్రహ్లాద్, సాబ్. కందీలు నా చేతిలనే ఉన్నది.”

“తో బుఝావ్!” ఆర్పెయ్యమన్నాడు.

“నహీ బుఝాసక్తా సాబ్. జచ్చగీ హో రహీ హై. దో జానోం కా సవాల్ హై.” కాన్పవుతోంది, రెండు ప్రాణాల సంగతి, ఆర్పలేనన్నాడు మా ఆయన.

బయట గుర్రం డెక్కలు మార్చుకుంది. “వార్డెన్ ఖుద్!” అన్నాడు అమీన్ సాబ్, వార్డెనే స్వయంగానా అని. ఆ మాటలో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. “సుబహ్ టోపీ పట్టా లేకే ఆవ్ థానే కో.” పొద్దున టోపీ, పట్టీ తెచ్చి ఠాణాలో ఇమ్మని.

“జీ సాబ్.”

డెక్కల చప్పుడు దూరమైంది. అమీన్ సాబ్ చెడ్డవాడేమీ కాదు. గోనెపట్టాకు అవతల ఉన్నాడు, అంతే. మా ఆయనా కాసేపటి కింద అక్కడే ఉన్నాడు.

“ఇప్పుడు! ఇప్పుడు ముక్కు పోశీ!” అంది జ్ఞానమణక్క. పోశవ్వ గోళ్ళు నా మోచేతుల్లోకి దిగాయి. లాంతరు వెలుగు చోటు తప్పలేదు. నీలంగా, మెత్తగా బిడ్డ జారి వచ్చింది. ఏడవలేదు. జ్ఞానమణక్క దాన్ని తలకిందులు చేసి వీపు మీద చరిచింది, నోట్లో వేలు పెట్టి తీసింది, మళ్ళీ చరిచింది. “ఏడువే! ఏడువు తల్లీ!”

కీచుమని ఒక్క కేక! ఆ చీకటి గల్లీలో, కందకంలో కూర్చున్న అందరికీ వినపడేంత కేక! కందకంలోంచి ఎవరో “పుట్టింది!” అని అరిచారు. తర్వాత అందరూ అరిచారు. భోంగా మళ్ళీ మోగినా ఎవరికీ వినపడలేదు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు.

“ఆడివిల్ల బాలమల్లూ!” అని జ్ఞానమణక్క బయటికి అరిచింది.

మా ఆయన లాంతరు కింద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

తెల్లారి టోపీ, పట్టీ, ఈల ఠాణాలో ఇచ్చి వచ్చాడు. అత్తమ్మ రెండు రకాలుగా ఏడ్చింది. నౌకరీ కాని నౌకరీ పోయిందని కొంత, కొడుకు పురిటింట్లోకి పోయాడని కొంత. బావి దగ్గర నిలబెట్టి తలమీద నీళ్ళు దిమ్మరించింది. వార్డెన్ పని సదాశివ పంతులుకు వచ్చింది. మెత్తని మనిషి, శిష్యులను కొట్టినా ఇంట్లో చీమకు హాని తలపెట్టడని పేరు. వారం తిరక్కుండానే దగ్గకుండా మా ఇంట్లోకి వచ్చి కిటికీ గుడ్డ లాగి చూశాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

ఆ రోజు మేడ మీద నాతో అన్నాడు. “జ్ఞానమణక్క లోపటికి పిలవకుంటె నేను ఆ దీపం ఆర్పిచ్చేటోణ్ణి శశీ. ఆర్పిచ్చి, మంచి పని చేసిన అనుకునేటోణ్ణి. నీకు ఎరుకేనా?”

“ఎరుకే,” అన్నాను.

“అందరు నన్ను దేవుడంటున్నరు. బాలమల్లు ఒక్కడే ఏం అంటలేడు.”

నేను ఓదార్చలేదు. ఓదార్చడానికి అది గాయం కాదు, చూపు. ఆయన తన వైపు చూసుకుంటున్నాడు, చూసుకోనిచ్చాను. తర్వాత, జ్ఞానమణక్క నన్ను దవాఖానాలో పని నేర్చుకోవడానికి రమ్మంటోందని చెప్పాను. “పో,” అన్నాడు వెంటనే. “అమ్మతోని నేను మాట్లాడుత.” మాట్లాడాడు కూడా. ఈల లేకుండా, గొంతు పెంచకుండా, తల్లి ఏడుస్తున్నా మాట వదలకుండా. ఆ తర్వాత నా చేతుల మీదుగా ఎందరు పుట్టారో నాంపల్లి వాళ్ళను అడగాలి.

బిడ్డకు పేరు పెట్టే రోజు బాలమల్లు గల్లీ అందరినీ పిలిచాడు, మమ్మల్ని తప్ప. నన్ను పోశవ్వ విడిగా పిలిచింది. నేను బయలుదేరుతుంటే ఆయన చొక్కా తొడుక్కుని నా వెంట నడిచాడు. మా ఇంటివాళ్ళు ఆ ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, వద్దనలేదు.

బాలమల్లు బిడ్డను ఎత్తుకుని చూరు కింద నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి కదల్లేదు.

“బాలమల్లూ, నేను నిన్ను కొట్టిన,” అన్నాడు మా ఆయన అందరి ముందరా. “నీ తప్పు లేదు. నీ చేతులల్ల కళ్ళేలుండె. నేను చూసి గూడ కొట్టిన.”

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకాయన “పోనీ సాబ్, ఆ మాట ఇప్పుడెందుకు” అన్నాడు. బాలమల్లు అతని వైపు చూడలేదు.

“కొట్టింది యాదికున్నది సాబ్. కందీలు పట్టింది గూడ యాదికున్నది,” అన్నాడు మెల్లగా. “ఒకదానికి ఒకటి చెల్లు అనుకోకున్రి. రెండు ఉంటయి.”

“నాకు గూడ ఉంటయి,” అన్నాడు మా ఆయన.

బాలమల్లు బిడ్డను భుజం మార్చుకుని, “కూసోన్రి. తిని పోదురు,” అన్నాడు.

కూర్చున్నాం. విస్తళ్ళు వేశారు, నేను వడ్డించడానికి లేచాను. అప్పుడే దడదడమని పెంకుల మీద ఆ ఏటి మొదటి వాన! పిల్లలు కేకలు వేస్తూ గల్లీలోకి పరుగెత్తారు. బయట కట్టేసిన గుర్రం తాడు తెంపుకునేలా గుంజుతోంది. బాలమల్లు దాన్ని చూరు కిందికి తేవాలి. చేతిలో బిడ్డ. పోశవ్వ పొయ్యి దగ్గర ఉంది, నా చేతుల్లో అన్నం గంప ఉంది. అతను ఒక్క క్షణం ఇటూ అటూ చూసి, వంగి బిడ్డను మా ఆయన ఒళ్ళో పెట్టి, వానలోకి ఉరికాడు.